సోఫా వెనక ఎన్ని అడుగులు? వైజాగ్ ఇళ్లలో సరౌండ్ స్పీకర్లు ఎక్కడ పెట్టాలి, ఏ సెట్ ఎవరికి

"5.1 చాలంటావా, 7.1 తీసుకోమంటావా? పైన ఇంకో రెండు అట్మాస్ స్పీకర్లు పెట్టించుకోమంటున్నారు షాపులో." మధురవాడలో కొత్త ఫ్లాట్‌లోకి దిగే ముందు మా బావ ఫోన్ చేసి అడిగాడు.

"సోఫా వెనక ఎన్ని అడుగులుంది బావా?" అన్నాను.

"వెనకేముంటుంది? గోడే."

"అయితే 7.1 మాట వదిలెయ్."

బావకి కాస్త కోపమొచ్చింది. అంత పెట్టి ఇల్లు కొన్నవాడికి రెండు స్పీకర్ల దగ్గర పిసినారితనం నేర్పుతున్నాననుకున్నాడు. డబ్బు సంగతి కాదది. 5.1 అంటే ముందు మూడు స్పీకర్లు, చెరోపక్క ఒక సరౌండ్, బాస్ కోసం ఒక సబ్‌వూఫర్. అట్మాస్ అంటే నెత్తి మీద నుంచి కూడా ధ్వని వినిపించే డాల్బీ వాళ్ల పద్ధతి. 7.1లో అదనంగా వచ్చే రెండు స్పీకర్లు మన వీపు వెనక ఉండాలి. వీపు వెనక గోడే ఉంటే వాటిని ఎక్కడ పెడతాం? గోడకి బిగిస్తే చెవి పక్కనే మోగుతాయి. ఆ రెండూ లేకుండా ఐదింటిని సరిగ్గా పెట్టుకున్నవాడే హాయిగా సినిమా చూస్తాడు.

ఈ పాఠం నేను నేర్చుకున్నది మా ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌లో, సొంత ఖర్చుతో. ఫాల్స్ సీలింగ్ చేయించేటప్పుడు ఇంటీరియర్ పని చేసినతను "పైన పెడితే అందమండీ, వైరు కనపడదు" అంటే సరేనన్నాను. వెనక సరౌండ్లు రెండూ సోఫాకి నిట్టనిలువుగా పైన, కిందికి చూస్తూ బిగించి వెళ్లాడు. మొదటి రోజు సినిమాలో వాన పడింది, భలే అనిపించింది. తర్వాతి సీన్‌లో హీరో వెనక ఎవరో తలుపు తీశారు, ఆ చప్పుడూ నెత్తి మీదే. వీధిలో ఆటో వెళ్లినా నెత్తి మీదే. రెండు నెలలు ఓపిక పట్టి, జిప్సం బోర్డుకి పడ్డ రెండు గుండ్రటి కన్నాల్లో లైట్లు పెట్టించి, స్పీకర్లు పక్క గోడలకి దింపాను.

రిమోట్ సరిచేయగలిగేది, చేయలేనిది

స్పీకర్లన్నిటికీ ధ్వని పంచే పెట్టెని ఏవీ రిసీవర్ అంటారు. ఇప్పటి రిసీవర్లన్నిటితో దాదాపుగా ఒక చిన్న మైకు వస్తుంది, దాంతో రిసీవర్ స్పీకర్లని కొలిచి సరిచేసుకుంటుంది. డెనాన్, మరాంట్జ్‌లలో ఆడిసీ అనీ, యమహాలో వైపావో అనీ పేర్లు వేరు, చేసే పని ఒకటే. ధ్వని ఒక అడుగు దూరం రావడానికి ఇంచుమించు ఒక మిల్లీసెకను పడుతుంది. ఎడమ స్పీకర్ 6 అడుగుల్లో, కుడిది 9 అడుగుల్లో ఉంటే రిసీవర్ దగ్గరిదాన్ని మూడు మిల్లీసెకన్ల లోపు ఆపి రెండూ ఒకేసారి చెవిని చేరేలా చేస్తుంది. ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా మోగుతుంటే అదీ సరిచేస్తుంది.

దిక్కును మాత్రం ఏ రిసీవరూ మార్చలేదు. నెత్తి మీదున్న స్పీకర్‌ని ఎంత ట్యూన్ చేసినా పక్కకి రాదు. అందుకని దూరాల తేడాల గురించి పెద్దగా టెన్షన్ పడకండి, కోణాల దగ్గర మాత్రం మొండిగా ఉండండి. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే.

కొనేముందు టేపుతో కొలవాల్సినవి

మొదటిది, సోఫా వెనక ఖాళీ. మన హాళ్లలో సోఫా గోడకి ఆనించి ఉండటమే అలవాటు. మీరు కూర్చున్నప్పుడు చెవి దగ్గర్నుంచి వెనక గోడ దాకా కొలవండి, సోఫా వీపు నుంచి కాదు. ఒక అడుగు లోపు, రెండు మూడు అడుగులు, నాలుగున్నర పైన: ఈ మూడింట్లో మీది ఏది? ఎంపికలో ముప్పాతిక వంతు ఇక్కడే అయిపోతుంది.

రెండోది, పక్క గోడలు. రెండు వైపులా గోడలున్న హాలు మన అపార్ట్‌మెంట్లలో తక్కువ. ఒకవైపు బాల్కనీ స్లైడింగ్ తలుపు, రెండోవైపు డైనింగ్‌లోకి బార్లా తెరిచిన ఖాళీ. సముద్రం కనపడే ఫ్లాట్ అయితే గోడకంటే అద్దమే ఎక్కువ.

మూడోది, పైకప్పు. ఎత్తెంత, దూలం ఎక్కడ వచ్చింది, ఫాల్స్ సీలింగ్ మెట్లు మెట్లుగా ఉందా, ఫ్యాన్ ఎక్కడుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఊరి ఉక్కపోతకి ఫ్యాన్ ఆపి సినిమా చూడటం ఏసీ లేనివాళ్లకి అయ్యే పని కాదు, కాబట్టి ఫ్యాన్‌ని కూడా గదిలో ఒక మనిషిలా లెక్కేసుకోవాలి.

ఇక గోడకి డ్రిల్ వేయొచ్చా లేదా అన్నది సీతమ్మధారలో అద్దెకున్నవాళ్లకీ, ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఉన్నవాళ్లకీ మొదటి ప్రశ్నే. వైరు పైపు ముందే వేశారా, కింది ఇంట్లో ఎవరున్నారు అన్నవి కూడా చూసుకోండి.

చివరగా, మీరు చూసేదేంటి? దీన్ని చాలామంది పట్టించుకోరు. ఓటీటీల్లో సరౌండ్‌తో వచ్చే సినిమాలు ఎక్కువగా 5.1లోనే వస్తాయి. అట్మాస్ ఉన్నా అది 5.1 మీదే కట్టిన అట్మాస్. విడిగా ఏడు చానెళ్లు నింపి ఇచ్చేవి ఎక్కువగా బ్లూరే డిస్కులు. బ్లూరే ప్లేయర్ లేని ఇంట్లో 7.1లోని చివరి రెండు స్పీకర్లకి రిసీవర్ తనంతట తాను కల్పించిన ధ్వనే అందుతుంది. అది చెడ్డదేం కాదు, కానీ ఆ రెండింటి డబ్బుతో మంచి సెంటర్ స్పీకర్ వచ్చేది కదా అనిపిస్తుంది.

పురికొసతో కోణాలు

టీవీకి ఎదురుగా కూర్చున్నప్పుడు మీ ముక్కు చూసే దిక్కు సున్నా డిగ్రీలు. కుడి చెవి సూటిగా చూసేది 90. వీపు వెనక 180. డాల్బీ చెప్పే లెక్క ప్రకారం ముందరి ఎడమ కుడి స్పీకర్లు 22 నుంచి 30 డిగ్రీల్లో ఉండాలి. 5.1లో సరౌండ్లు 110 నుంచి 120 మధ్య, అంటే చెవికి కాస్త వెనగ్గా. 7.1లో అయితే పక్కవి 90 నుంచి 110, వెనకవి 135 నుంచి 150.

కోణమానిని అక్కర్లేదు. మీరు కూర్చునే చోటు నుంచి ఎడమ స్పీకర్ దాకా పురికొస పట్టండి. అదే కొసని రెండు స్పీకర్ల మధ్య పట్టి చూడండి. కుడి స్పీకర్ దాకా కూడా అంతే వస్తే సమత్రిభుజం కుదిరినట్టు, అదే 30 డిగ్రీలు. రెండు స్పీకర్ల మధ్య దూరం కొస పొడుగులో ముప్పాతికకి వచ్చినా 22 డిగ్రీలు, పరవాలేదు. అంతకంటే దగ్గరైతే ధ్వని టీవీ దాటి రాదు.

సరౌండ్లకి చిన్న లెక్క. పది అడుగుల వెడల్పు గదిలో మధ్యలో కూర్చుంటే పక్క గోడ ఐదు అడుగుల దూరం. 110 డిగ్రీలకి చెవి గీత నుంచి రెండు అడుగుల కంటే కొంచెం తక్కువ వెనక్కి వెళ్లాలి. 120కి అయితే మూడు అడుగుల కంటే ఇసుమంత తక్కువ. అంటే నికార్సయిన 5.1కి కూడా తల వెనక రెండడుగులైనా కావాలి. 7.1లో వెనకవాటికి, మూడడుగులు ఖాళీ ఉందనుకుంటే, మధ్య నుంచి చెరో రెండడుగులు పక్కకి జరిపితే 145 డిగ్రీల దగ్గర పడుతుంది.

3.1: గోడలు మనవి కానివాళ్లకి

ముందు మూడు, ఒక సబ్‌వూఫర్. సరౌండ్ గురించి రాస్తూ సరౌండే లేనిదాన్ని ముందు చెప్పడం విడ్డూరంగా ఉండొచ్చు. కానీ అద్దె ఇంట్లో ఉండి, సోఫా గోడకి ఆనించి, కుడివైపంతా డైనింగ్‌కి తెరిచి ఉంటే నిజాయితీగా నేను చెప్పేది ఇదే. మన సినిమాలకి ఇంట్లో వినపడే ఫిర్యాదు ఒకటే: డైలాగ్ వినపడదు, పాటొస్తే ఇల్లు ఊగిపోతుంది. దానికి మందు సెంటర్ స్పీకరే. రిసీవర్ మాత్రం 5.1ది తీసుకోండి. ఇల్లు మారినప్పుడు రెండు స్పీకర్లు తగిలించుకోవచ్చు.

5.1, సోఫా గోడకే ఉంటే

వైజాగ్‌లో నేను చూసిన హాళ్లలో పదింటికి ఏడెనిమిది ఇలాంటివే, అందుకని దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి.

110 డిగ్రీలు ఇక్కడ దొరకవు. చేతిలో మూడు దారులుంటాయి. వెనక గోడకే సరౌండ్లు బిగించడం ఒకటి. సోఫా చివర కూర్చున్నవాళ్ల చెవిలో స్పీకర్ మోగుతుంది, మధ్యలో ఉన్నవాళ్లకి రెండూ కలిసి తల వెనక ముద్దలా వినిపిస్తాయి. సీలింగ్‌లో పెట్టడం రెండోది. దాని కథ చెప్పాను కదా. మూడోది పక్క గోడల మీద, 90 డిగ్రీల దగ్గర, చెవికి ఒకటి రెండు అడుగులు ఎత్తులో పెట్టి, నేరుగా మనిషి మీదికి కాకుండా ఎదుటి గోడవైపు, తలల మీదుగా చూసేట్టు తిప్పడం. నేను ఓటేసేది దీనికే. వెనక నుంచి వచ్చే భావన కొంత తగ్గుతుంది, నిజమే. కానీ ఎడమేదో కుడేదో తేడా శుభ్రంగా తెలుస్తుంది, చివర కూర్చున్నవాళ్లు ఇబ్బంది పడరు.

ఎత్తు ఎందుకంటే, మూడు సీట్ల సోఫాలో చివరి మనిషికి స్పీకర్ రెండడుగుల దూరంలోనే ఉంటుంది. చెవి ఎత్తులో ఉంటే ఆ మనిషి మిగతా సినిమా అంతా వదిలేసి అదొక్కటే వింటాడు. పైకి లేపితే మధ్య సీటుకీ చివరి సీటుకీ ఉన్న దూరాల తేడా తగ్గుతుంది. థియేటర్‌లో చూసినట్టు మరీ ఎత్తుకి మాత్రం పోకండి. జగదాంబలో సినిమాలు చూసి పెరిగిన మా తరానికి స్పీకరంటే గోడ మీద ఎక్కడో పైన ఉండాలనే లెక్క. అక్కడ వందల సీట్లకి వరసగా బోలెడు స్పీకర్లు. మన ఇంట్లో ఒక వైపుకి ఒక్కటే.

వీలైతే ఇంకొకటి చేయండి. సోఫాని గోడ నుంచి మూరెడు ముందుకి లాగండి. గోడకి ఆనుకుని బాస్ గుప్పుమని పోగవుతుంది, తలని అందులో పెట్టుకుని కూర్చుంటే ప్రతి పాటా ఒకేలా బొంయిమంటుంది. మూరెడు జరిగితేనే తేడా వినిపిస్తుంది. ఇంట్లోవాళ్లు "వెనక దుమ్ము ఎవరు ఊడుస్తారు" అంటారు. ఆ చీపురు మీరే పట్టుకుంటే గొడవుండదు.

ఒకవైపు గోడ లేనివాళ్లు స్టాండ్ మీద పెట్టుకోవచ్చు. రెండో వైపు గోడ మీద బ్రాకెట్, ఇటు స్టాండ్: చూడ్డానికి జత కుదరదు, వినడానికి కుదురుతుంది, రెండింటి ఎత్తూ కోణమూ ఒకటే అయితే చాలు. పిల్లలు పరిగెత్తే ఇంట్లో స్టాండ్ అడుగున బరువు వేయడం మర్చిపోకండి. వైర్‌లెస్ సరౌండ్ అంటే వైరే ఉండదనుకోకండి, దానికీ ప్లగ్ పాయింట్ కావాలి. బాల్కనీ పక్కన ప్లగ్ ఎక్కడుందో చూసుకున్నాకే కొనండి.

5.1, వెనక రెండు మూడు అడుగులుంటే

ఇది అదృష్టం. పక్క గోడల మీదే, లేదా స్టాండ్ల మీద, 110 నుంచి 120 డిగ్రీల్లో, చెవి ఎత్తుకో కాస్త పైకో పెట్టి నేరుగా కూర్చునే చోటువైపు తిప్పండి. ఇంకేం అడగొద్దు, ఏం కలపొద్దు. ఓటీటీలో వచ్చేది దీనికి అచ్చంగా సరిపోతుంది. మూడడుగులు ఉందికదా అని 7.1కి టెంప్ట్ అవుతారు చూశారా, అక్కడ ఆగండి. పదడుగుల వెడల్పు గదిలో పక్కదానికీ వెనకదానికీ మధ్య దూరం మూడు నాలుగు అడుగులే ఉంటుంది, రెండింటినీ విడదీసి వినడం చెవికి కష్టం.

7.1 నిజంగా ఎవరికి

సోఫా గది మధ్యలో ఉండి, వెనక నాలుగైదు అడుగులు ఖాళీ ఉన్నవాళ్లకి. లేదా రెండు వరసల సీట్లు వేసుకునేవాళ్లకి. ఎండాడ, కొమ్మాది వైపు విడి ఇళ్లు కట్టుకుని మేడ మీద సినిమా గది అని ప్లాన్‌లోనే పెట్టుకున్నవాళ్లకి బాగుంటుంది. పైగా డిస్కులు కొనే అలవాటుండాలి. రెండో వరస ఉంటే పక్క సరౌండ్లు ముందు వరసకి కొంచెం వెనగ్గా ఉండాలి, లేకపోతే వెనక కూర్చున్నవాళ్లకి అవి కూడా ముందు నుంచే వినిపిస్తాయి. మిగతావాళ్లకి నేను వద్దనే చెప్తాను.

5.1.2: పైన రెండు

చివరి అంకె పైకప్పు స్పీకర్లది. అట్మాస్ థియేటర్లలోకి 2012లో, ఇళ్లలోకి 2014లో వచ్చింది. మామూలు హాలుకి 7.1 కంటే ఇదే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే వీపు వెనక లేని చోటు నెత్తి మీద ఉంటుంది.

సీలింగ్ స్పీకర్లు రెండే అయితే, చెవి నుంచి పైకి చూసినప్పుడు (ఎదురుగా సున్నా, సూటిగా నెత్తి మీద 90) 65 నుంచి 100 డిగ్రీల మధ్య ఉండాలి. పదడుగుల కప్పు, చెవి మూడున్నర అడుగుల్లో అనుకుంటే తేడా ఆరున్నర. 80 డిగ్రీలకి తలకంటే ఒక అడుగు ముందు పడుతుంది. సోఫా గోడకి ఆనించి ఉన్నా ఇది కుదురుతుంది. నాలుగు పెట్టించుకోమనేవాళ్లు వస్తారు. 5.1.4లో వెనక రెండూ 125 డిగ్రీలకి తగ్గకూడదు, ఆ లెక్కన తల వెనక నాలుగున్నర అడుగులు కావాలి. గోడకున్న సోఫాకి నాలుగు స్పీకర్లు అమ్మడమంటే కాళ్లు రెండున్నవాడికి నాలుగు చెప్పులు అమ్మినట్టే.

పైకి చూసి కప్పుకి కొట్టి వెనక్కి వచ్చే స్పీకర్లు, అప్‌ఫైరింగ్ అంటారు, డ్రిల్ వేయలేనివాళ్లకి. కప్పు చదునుగా, గట్టిగా ఉండాలి, ఏడున్నర నుంచి పన్నెండు అడుగుల ఎత్తు బాగా పనిచేస్తుంది. నున్నటి శ్లాబ్‌కి ఇది బాగానే ఉంటుంది. మెట్లు మెట్లుగా కోవ్ లైట్లతో చేసిన ఫాల్స్ సీలింగ్‌కి, మధ్యలో దూలం దిగిన కప్పుకి పనికిరాదు. ధ్వని కప్పుకి కొట్టే చోటు మీకూ స్పీకర్‌కీ మధ్యలో పడుతుంది, మన హాళ్లలో సరిగ్గా అక్కడే ఫ్యాన్ తిరుగుతుంటుంది. రెక్కలకి తగిలిన ధ్వని తునకలైపోతుంది. ఇలాంటి గదికైతే అప్‌ఫైరింగ్ డబ్బు దాచుకోండి.

పైన స్పీకర్లుంటే పక్క సరౌండ్లని చెవి ఎత్తుకి దగ్గరగా దింపాలని గుర్తుంచుకోండి. గోడకున్న సోఫాకి పైకి లేపమని ఇందాక నేనే చెప్పాను, ఇక్కడ దానికి అడ్డం వస్తున్నాను. రెండూ కుదరవు. పక్కవి పైకి లేస్తే పైవాటికీ పక్కవాటికీ తేడా చెదిరిపోతుంది. మూడు సీట్లలోనూ నలుగురు కూర్చునే ఇల్లయితే మామూలు 5.1కే ఉండిపోండి. ఎక్కువగా ఇద్దరే చూసే ఇల్లయితే 5.1.2కి వెళ్లండి.

| మీ గది | నా సలహా | వదులుకునేది |
|---|---|---|
| అద్దె ఇల్లు, డ్రిల్ కుదరదు, ఒకవైపు తెరిచి ఉంది | 3.1, రిసీవర్ మాత్రం 5.1ది | చుట్టూ తిరిగే ధ్వని |
| సోఫా గోడకి, ఇంటిల్లిపాదీ చూస్తారు | 5.1, పక్క గోడల మీద ఒకటి రెండు అడుగులు ఎత్తులో | వెనక నుంచి వచ్చే భావన కొంత |
| సోఫా గోడకి, ఇద్దరే చూస్తారు, కప్పుకి కన్నం వేయొచ్చు | 5.1.2, సీలింగ్‌లో తలకి అడుగు ముందు | చివరి సీటు |
| తల వెనక రెండు మూడు అడుగులు | 5.1, 110 నుంచి 120 డిగ్రీల్లో | ఏమీ లేదు |
| విడి గది, వెనక నాలుగున్నర పైన | 7.1 లేదా 5.1.4 | డబ్బు, ఆ గదికి వేరే వాడకం |

ఈ ఆఖరి వరసలో రెండింట్లో ఏదంటే, ఒక వరస సీట్లకి 5.1.4, రెండు వరసలకి 7.1.

సెంటర్, సబ్‌వూఫర్

సెంటర్ స్పీకర్ టీవీ కిందే ఉండాలి, యూనిట్ అంచు దాకా ముందుకి లాగి, కాస్త పైకి, చెవులవైపు చూసేలా. అరలో లోపలికి నెట్టేస్తే మాటలు బిందెలోంచి వచ్చినట్టుంటాయి. ముందు కింద ఒక రబ్బరు ముక్క పెడితే చాలు. టీవీని గోడ మీద ఐదడుగుల ఎత్తుకి ఎక్కించేసినవాళ్లు ముందు టీవీని దింపండి, మెడకీ మంచిది.

సబ్‌వూఫర్‌కి కోణాల గొడవ లేదు. 80 హెర్ట్జ్ లోపు ధ్వని ఎటు నుంచి వస్తోందో చెవి దాదాపుగా పోల్చుకోలేదు. దానికి వేరే గొడవుంది. పన్నెండడుగుల పొడుగు గది 47 హెర్ట్జ్ దగ్గర, పదడుగుల వెడల్పు 56 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఎత్తు కూడా పదే అయితే ఆ 56 దగ్గరి మోత ఇంకా పెరుగుతుంది. మన బెడ్‌రూమ్ కొలతలు చాలావరకు ఇవే. ఒక స్వరం దగ్గర గది గర్జిస్తుంది, పక్క స్వరం దగ్గర మాయమవుతుంది.

దీనికి పాత చిట్కా ఉంది. సబ్‌ని మీరు కూర్చునే చోట సోఫా మీద పెట్టి, బాస్ బాగా ఉన్న పాట వేసి, గోడల వెంట పాకుతూ వినండి. ఎక్కడ బాస్ సమంగా, శుభ్రంగా వినిపిస్తే సబ్‌ని అక్కడికి మార్చండి. చుట్టాలు లేని రోజు చూసుకుని చేయండి. మూలన పెడితే గట్టిగా వస్తుంది కదా అంటారు, వస్తుంది, గర్జనతో సహా. శ్లాబ్ మీద అదిరేది కింది ఇంటికి నేరుగా దిగుతుంది. కింద రబ్బరు ప్యాడ్ వేస్తే అదురు కొంత తగ్గుతుంది, గాల్లో వెళ్లే బాస్ ఆగదు. రాత్రి పది దాటాక నివాస ప్రాంతాల్లో శబ్ద పరిమితి 45 డెసిబెల్స్. రిసీవర్‌లో నైట్ మోడ్ ఉన్నది అందుకే, వాడండి.

ఉప్పుగాలి సంగతి

బీచ్‌కి దగ్గరున్న ఇళ్లలో మామూలు ఇనుప బ్రాకెట్ తొందరగా తుప్పు పట్టి గోడ మీద ఎర్రటి చారలు దింపుతుంది. స్టెయిన్‌లెస్ స్క్రూలు అడగండి. రాగి వైరు కొసలు విప్పి వదిలేస్తే పచ్చగా మారతాయి, కొసలకి తొడిగే బనానా ప్లగ్‌లు బిగించుకోవడం మేలు. కోన్ చుట్టూ ఉండే అంచు ఫోమ్‌ది అయితే తేమకి త్వరగా పొడిపొడి అవుతుంది, రబ్బరుది తీసుకోండి. ఏసీకి సరిగ్గా కింద సరౌండ్ బిగించొద్దు. పైపు మూసుకుపోయిన రోజు నీళ్లు దాని మీదే కారతాయి.

నేల మీద పెట్టే వాటిని రెండంగుళాలైనా లేపండి. స్పీకర్ పెట్టెలు ఎక్కువగా ఎండీఎఫ్ చెక్కవి, నీళ్లు తగిలితే ఉబ్బుతాయి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చిన రోజు మా పక్కింటి బాల్కనీ అద్దం పగిలి హాలంతా నీళ్లు నిలిచాయి. మర్నాడు చూస్తే వాళ్ల సబ్‌వూఫర్ అడుగు టీలో ముంచిన బిస్కెట్‌లా ఉంది. అది తుపాను. కానీ రోజూ తడిగుడ్డ పెట్టే ఇంట్లో అదే పని నిదానంగా జరుగుతుంది.

వైరు 16 గేజ్ మామూలు హాలుకి చాలు, ముప్పై నలభై అడుగులు దాటితే 14 గేజ్. ఇల్లు కట్టే దశలో ఉంటే ఏ సెట్ కొంటారో తేలకపోయినా సరే, పక్క గోడలకీ వెనక్కీ పైకీ ఖాళీ పైపులు వేయించేయండి. టైల్స్ పడ్డాక గోడ తవ్వడం కంటే అది ఎంతో చవక.

ఆఖరున మైకు

అన్నీ బిగించాక ఫ్యాన్, ఏసీ ఆపి, బాల్కనీ తలుపు మూసి, మైకుని చెవి ఎత్తులో స్టాండ్ మీద పెట్టి సెటప్ నడపండి. చేత్తో పట్టుకోవద్దు, సోఫా వీపు మీద పెట్టొద్దు. గచ్చు ఖాళీగా ఉండి చప్పట్లు కొడితే టంగుమని మోగే హాలైతే, మైకుకి ముందే నేల మీద తివాచీ, అద్దానికి మందపాటి కర్టెన్ వేయండి. లేకపోతే రిసీవర్ ఖాళీ గదికి లెక్కలు కట్టి ఇస్తుంది. అయిపోయాక సెంటర్‌ని మీ చేత్తో రెండు డెసిబెల్స్ పెంచుకోండి. తప్పని ఎవరైనా అంటే అననివ్వండి.

తర్వాత ప్రతి సీటులోనూ ఒకసారి కూర్చుని వినండి. మా ఇంట్లో అందరికంటే ఎక్కువ టీవీ చూసేది అమ్మ, ఆవిడ కుర్చీ ఎడమ సరౌండ్‌కి మూడడుగుల్లో ఉంటుంది. నేను మధ్యలో కూర్చుని అంతా అద్భుతమనుకుంటున్న వారం రోజులూ ఆవిడ సీరియల్ మధ్యలో వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. ఆ ఒక్క స్పీకర్‌ని ఒకటిన్నర డెసిబెల్స్ తగ్గించి, కాస్త పైకి తిప్పాను. మర్నాడు అమ్మే చెప్పింది, "ఆ గుసగుసలాడే ఆవిడ ఇవాళ రాలేదురా" అని.